నెలనెలా చదివిన నవలను ఏకబిగిన చదవమంటే

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రిక ఆదివారం సాహిత్య పుటలో ఈమధ్య ఒక వ్యాసం చదివాను. విక్టోరియా రాణి కాలం నాటి లావుపాటి ఇంగ్లీషు నవలలను ఇప్పటివాళ్లు చదవలేకపోతున్నారనీ, సెల్‌ఫోన్ మన ఓపికను కొరుక్కు తినేసిందనీ, పూర్వకాలపు పాఠకులు అంతంత పుస్తకాలను అవలీలగా చదివేసేవారనీ వ్యాసకర్త వాపోయారు. ఫోన్ చేసిన చేటు గురించి ఆయనతో నాకు పేచీ లేదు. కానీ ఆయన తలచుకుని తలచుకుని మెచ్చుకున్న ఆ పూర్వకాలపు పాఠకులు, ఆ నవలలను మనం ఇవాళ చదువుతున్న తీరులో చదవలేదు. ఆ ముక్క చెప్పకుండా తప్పంతా నేటి పాఠకుడి నెత్తిన రుద్దడం న్యాయం కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాట గాలిలో తేలిపోకుండా ఉండడానికి ఒకే ఒక నవలను పట్టుకుని చెబుతాను. అది చార్లెస్ డికెన్స్ రాసిన 'బ్లీక్ హౌస్'. చదవడానికి కష్టమైన నవల అనీ, మధ్యలో ఆపేసిన వాళ్లు ఎక్కువ అనీ దానికి పేరుంది. చివరిదాకా చదివిన వాళ్లలో చాలామంది అది ఆయన నవలల్లోకెల్లా గొప్పదనీ అంటారు. ఈ రెండు మాటలూ నిజమే కావడం ఎలా సాధ్యమన్నదే నా ఉత్తరానికి విషయం.

'బ్లీక్ హౌస్' పాఠకుల చేతికి మొదట పుస్తకంగా అందలేదు. 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు వరకు, నెలకొక పలచని సంచిక చొప్పున, బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ అనే సంస్థ దాన్ని ప్రచురించింది. సంచిక వెల ఒక షిల్లింగు. అందులో కథ 32 పుటలు ఉండేది. 'ఫిజ్' అన్న పేరుతో ప్రసిద్ధుడైన హాబ్లో బ్రౌన్ వేసిన బొమ్మలు రెండు ఉండేవి. ముందూ వెనుకా వ్యాపార ప్రకటనలు ఉండేవి. చిట్టచివరి సంచికను మాత్రం రెండు భాగాలు కలిపి రెండు షిల్లింగులకు అమ్మారు. ఆ విధంగా 67 అధ్యాయాలు, సుమారు మూడున్నర లక్షల పదాలు పాఠకుణ్ణి చేరడానికి 19 నెలలు పట్టింది. నెలకు మూడు అధ్యాయాలు, మహా అయితే నాలుగు. ఒకరు పైకి చదువుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని వినడం అప్పటి చాలా ఇళ్లలో రివాజు. నెలంతా ఆ కథ గురించి మాట్లాడుకోవడం, తరవాత ఏమవుతుందోనని తగవులాడుకోవడం కూడా ఆ చదువులో భాగమే. అదే నవల ఈ రోజు చిన్న అచ్చులో, వెయ్యి పుటలకు అటూ ఇటూగా, ఒకే సంపుటంగా మన ఒళ్లో పడుతుంది. కొన్న మరుక్షణం నుంచీ అది తీర్చవలసిన బాకీలా మనవైపు చూస్తూ ఉంటుంది. సెలవుల్లో ముగించేయాలని పట్టుదలగా కూర్చున్నవాడికి రెండు వందల పుటలు తిరిగేసరికి తల ప్రాణం తోకకు రావడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇలా ఏకబిగిన చదివేటప్పుడు మనల్ని ఎక్కువగా విసిగించేవి ఏమిటో చూస్తే, వాటిలో సగం ఆ నెలసరి పద్ధతి కోసం పుట్టినవే. స్కింపోల్ అనే పెద్దమనిషి ఎప్పుడు కనిపించినా తాను పసిపిల్లవాణ్ణనీ, డబ్బు సంగతులు తనకు తెలియవనీ చెబుతూ ఇతరుల డబ్బుతో బతికేస్తుంటాడు. వడ్డీ వ్యాపారి స్మాల్‌వీడ్ ముసలాయన కనబడినప్పుడల్లా పెళ్లాం మీదికి దిండు విసురుతాడు. డిటెక్టివ్ బకెట్ గారికి తన బొద్దు చూపుడువేలితో సంప్రదించకుండా ఏ పనీ జరగదు. టర్వీడ్రాప్ అనే ఆయనకు మర్యాదగా నిలబడడం, నడవడం తప్ప లోకంలో మరో వృత్తి లేదు. రెండు రోజుల వ్యవధిలో ఈ దిండు విసురుడు నాలుగుసార్లు చదివితే చిరాకు వస్తుంది. కానీ స్మాల్‌వీడ్‌ను సెప్టెంబరులో ఒకసారి చూసి, మళ్లీ నెలల తరవాత కలుసుకున్న పాఠకుడికి ఆ దిండే గుర్తు. యాభైకి పైగా మనుషులు తిరిగే కథలో, నెల విరామం తరవాత ఎవరు ఎవరో తెలియాలంటే రచయితకు అంతకన్న సులువైన దారి లేదు. అవి పాత్రచిత్రణలో లోపాలని విమర్శకులు రాసినప్పుడు, ఆ మనుషులను ఎన్ని నెలల దూరంలో కలుసుకోవాలని రచయిత అనుకున్నాడో కూడా చెబితే బాగుంటుంది.

నిజానికి ఈ సంగతి తెలుగువాళ్లకు మరొకరు చెప్పవలసిన పని లేదు. వారపత్రికలు, మాసపత్రికలు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో సీరియల్ చివర 'సశేషం' అన్న మాట దగ్గర ఆగి, మరుసటి వారం కోసం ఎదురుచూసిన వాళ్లం మనం. పక్కింటివాళ్లతో పత్రిక మార్చుకుని, నవల పుటలు చింపి దాచి, ఆఖరున బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో ఉండేవి. ఆ బైండు పుస్తకాన్ని తరవాత ఎప్పుడో ఒక్కసారిగా చదివితే, ప్రతి పదిహేను పుటలకూ ఒక ఉలికిపాటు, ప్రతి వారం మొదట్లో ఒక పాత ముచ్చట ఎందుకున్నాయో మనకు తెలిసేది, నవ్వుకునేవాళ్లం. డికెన్స్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం, క్లాసిక్ అన్న భయం కొద్దీ, ఆ సుపరిచితమైన పద్ధతిని మరిచిపోయి పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుంటాం. ఇందుకు మన చదువులు కూడా కొంత కారణం. మాలో చాలామందికి డికెన్స్ పరిచయమైంది నాన్‌డిటెయిల్డ్ అనే కుదించిన పుస్తకాల్లో; ఆ పైన ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవాళ్లకు ఒకే సెమిస్టరులో ఇంత లావు నవలతో పాటు మరికొన్ని పాఠ్యగ్రంథాలు కూడా పూర్తి చేయవలసి రావడంతో, అసలు పుస్తకం అల్మరాలో, బజారు గైడు చేతిలో ఉండడం సర్వసాధారణమైంది. గైడులో కథాసారం రెండు పుటలు. ఆ రెండు పుటలు చదివాక ఇంతోటి కథకు వెయ్యి పుటలెందుకని విద్యార్థి అడిగితే తప్పు పట్టలేం.

ఇక నవల లోపలి కష్టాల సంగతి. మొదటి అధ్యాయంలో కథానాయకుడు లేడు, నాయిక లేదు. లండన్ నగరం మీద నవంబరు పొగమంచు, బురద, ఆ బురదలో హోబర్న్ దిబ్బ ఎక్కుతూ నలభై అడుగుల మెగలోసారస్ అనే రాక్షసబల్లి ఎదురైనా వింత కాదన్న ఊహ, క్రియాపదం లేకుండా ఆగిపోయే వాక్యాలు, ఆ మంచు నడిమధ్యన లింకన్స్ ఇన్ హాలులో కొలువు తీరిన ఛాన్సరీ కోర్టు. ఈ అధ్యాయమే పాఠకులను బెదరగొడుతుందని సాధారణంగా అంటారు. నా అభిప్రాయం వేరు. ఆ నాలుగైదు పుటలు పైకి చదివి వినిపిస్తే ఎవరికైనా నచ్చుతాయి. అసలు చిక్కు ఆ తరవాత వస్తుంది. ఒక కథకుడు అన్నీ ఎరిగిన గొంతుతో, వర్తమాన కాలంలో, వెటకారంగా చెప్పుకుపోతుంటాడు; మూడో అధ్యాయం నుంచి ఎస్తర్ సమ్మర్సన్ అనే అమ్మాయి తన కథను తాను, భూతకాలంలో, వినయంగా చెప్పడం మొదలుపెడుతుంది. ఈ ఇద్దరూ ఒకరి ఊసు ఒకరు దాదాపుగా ఎత్తరు. ఒకవైపు లేడీ డెడ్‌లాక్ అనే గొప్పింటి ఇల్లాలి రహస్యం, దాన్ని ఆరా తీసే ప్లీడరు టల్కింగ్‌హార్న్. మరోవైపు అనాథ పిల్లలు, వాళ్లను చేరదీసిన జాన్ జార్న్‌డైస్. ఈ రెండు దారులూ కలిసేది సగం పుస్తకం దాటాక. అయిదో అధ్యాయానికీ పదిహేనో అధ్యాయానికీ మధ్య చాలామంది పుస్తకం మూసేస్తారంటే, అప్పటికి వాళ్ల చేతికి చిక్కింది మనుషుల పేర్లే తప్ప కథ కాదు. 1852లో చదివినవాళ్లకు ఈ పది అధ్యాయాలు నాలుగు సంచికలు, నాలుగు నెలలు. నెలకు ముగ్గురు నలుగురు కొత్త మనుషులతో పరిచయం ఎవరికీ బరువు కాదు.

రెండో కష్టం న్యాయస్థానం. ఛాన్సరీ అనేది వీలునామాలు, ట్రస్టులు, మైనర్ల ఆస్తులు వంటివి చూసే కోర్టు. 1870లలో వచ్చిన చట్టాలతో ఇతర పై కోర్టులతో పాటు ఒకే వ్యవస్థలో కలిసిపోయింది. నవలలో 'జార్న్‌డైస్ వర్సెస్ జార్న్‌డైస్' అన్న వ్యాజ్యం ఒక వీలునామా మీద మొదలై, తరాలు గడిచి, అసలు తగాదా దేని గురించో ఎవరికీ అంతుపట్టని స్థితికి చేరుకుంది. ఈ కోర్టు నడిచే తీరు తెలియక ఇప్పటి ఇంగ్లండులో పాఠకులు కూడా తికమక పడతారు, వివరణల కోసం పుస్తకం చివరికీ మధ్యకూ తిరుగుతుంటారు. ఇక్కడ మాత్రం తెలుగు పాఠకుడికి వాళ్లకంటే ఒక మెట్టు ఎక్కువ సౌకర్యం ఉందని నా గట్టి నమ్మకం. వాయిదాలు, వకాల్తాలు, దస్తావేజు లేఖరులు, నకలు కాపీకి కట్టే రుసుము, గుమాస్తా చేతిలో పెట్టే చిల్లర, ఒక తరం నుంచి మరో తరానికి పొలంతో పాటు సంక్రమించే సరిహద్దు వ్యాజ్యం, ఇవన్నీ మనకు ఇంటి సంగతులే. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడన్న సామెత మన పల్లెల్లో పుట్టింది. దాన్ని వెయ్యి పుటల్లో చెబితే 'బ్లీక్ హౌస్' అవుతుంది.

పదిహేనో అధ్యాయంలో గ్రిడ్లీ అనే ష్రాప్‌షైర్ రైతు తన గోడు చెప్పుకుంటాడు. తండ్రి వీలునామాలో తమ్ముడికి మూడు వందల పౌండ్లు రాశాడు. ఆ మొత్తంలో కొంత అప్పటికే ముట్టిందా లేదా అన్నదే తగాదా. అంత చిన్న వ్యాజ్యంలో పదిహేడు మంది ప్రతివాదులు చేరారు. గ్రిడ్లీ తన తండ్రికే కొడుకా కాదా అని విచారించడానికి రెండేళ్లు ఆగింది. ఆ సంగతిని లోకంలో ఎవరూ కాదనలేదు! ఆ తరవాత ఇంకో ప్రతివాది తగ్గాడని గుర్తించి మళ్లీ మొదటికి వచ్చారు. అసలు విచారణ మొదలు కాకముందే ఖర్చులు ఆ మూడు వందల పౌండ్లకు మూడింతలు అయ్యాయి. తండ్రి పోయాక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఈ పుటలకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇది కవి అతిశయోక్తి కాదని డికెన్స్ ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందట మొదలై, ఒక్కోసారి ముప్పై నలభై మంది ప్లీడర్లు హాజరయ్యే ఒక వ్యాజ్యం ఆ రోజుకూ నడుస్తోందనీ, ఖర్చు డెబ్భై వేల పౌండ్లయిందనీ, అది ఉభయపక్షాలకూ సమ్మతమైన వ్యాజ్యమనీ అందులో ఉంది. ఆయనకు స్వానుభవం కూడా ఉంది. తన క్రిస్మస్ కథను దొంగతనంగా అచ్చువేసిన వాళ్ల మీద 1844లో ఇదే కోర్టుకు వెళ్లి గెలిచాడు. వాళ్లు దివాలా ప్రకటించారు. సుమారు 700 పౌండ్ల ఖర్చు గెలిచినవాడి మీద పడింది. పైన చెప్పిన సామెత ఆయనకు తెలిసి ఉండదు గానీ, దాని అర్థం మాత్రం బాగా తెలుసు.

అయితే కష్టాలన్నిటికీ కాలమూ, అచ్చు పద్ధతీ కారణమని నేను అనడం లేదు. కొన్ని నవలలోని లోపాలే. వాటిని లోపాలుగా చెప్పడానికి పాఠకుడు సిగ్గుపడనక్కర్లేదు. ఎస్తర్ తాను మంచిదాన్ని కాదని పదేపదే అంటూ, తన మంచితనాన్ని ఎవరెవరు ఎలా మెచ్చుకున్నారో మాత్రం ఒక్కటీ వదలకుండా రాస్తుంది. ఇంటి తాళాల గుత్తి గలగలలాడించి, దుఃఖం వచ్చినప్పుడల్లా తన కర్తవ్యాన్ని తనకు తాను గుర్తు చేసుకుంటుంది. ఏడా అనే అమ్మాయికి అందం తప్ప మరో గుణం కనబడదు. గుజిలీ దుకాణం నడిపే క్రూక్ అనే తాగుబోతు ఒక రాత్రి తనంతట తాను కాలిపోయి, బూడిదగా, జిడ్డుగా మిగులుతాడు. అలా జరగదని అప్పటి విమర్శకుడు జార్జ్ హెన్రీ లూయిస్ పత్రికలో ఎత్తిపొడిస్తే, జరుగుతుందని డికెన్స్ ముందుమాటలో పట్టుదలగా వాదించాడు. కాబట్టి ఆ చోట నమ్మలేక ఆగిపోయిన పాఠకుడికి 170 ఏళ్ల కిందటే తోడు ఉన్నారు. అన్నిటికన్న ఇబ్బంది పెట్టేది ముగింపు. ఎస్తర్‌ను పెళ్లాడతానని మాట తీసుకున్న జార్న్‌డైస్, ఆమె మనసు డాక్టరు వుడ్‌కోర్ట్ మీద ఉందని గ్రహించి, ఆమెకు చెప్పకుండా వేరొక ఊళ్లో ఇల్లు సిద్ధం చేయించి, దానికీ బ్లీక్ హౌస్ అనే పేరు పెట్టి, ఇంటితో పాటు అమ్మాయినీ ఆ డాక్టరుకు అప్పగిస్తాడు. రచయిత దాన్ని ఔదార్యంగా చూపాడు. ఒక మనిషిని కానుకగా చేతులు మార్చడం ఈ రోజు చదివే అమ్మాయికి ఒళ్లు మండిస్తే, ఆమె సరిగ్గానే చదివిందని అనాలి.

ఎస్తర్ విషయంలో మాత్రం ఒక్క మాట. ఆమె పసితనంలో పెంచిన పెద్దమ్మ, నువ్వు పుట్టకపోతేనే బాగుండేదని పుట్టినరోజు నాడే మొహం మీద చెబుతుంది. తల్లి నీకు అవమానం, నువ్వు నీ తల్లికి అవమానం అంటుంది. ఆ మాటలు మింగి పెరిగిన పిల్ల, ఎవరు ఒక్క మంచి మాటన్నా దాన్ని ఏరుకుని దాచుకుంటుంది, దాచుకున్నందుకు సిగ్గుపడుతుంది కూడా. ఇలా చూసినప్పుడు ఆమె గొంతులోని విసుగు పుట్టించే వినయం కొంత వేరుగా వినిపిస్తుంది. అన్ని పుటల్లోనూ కాదు. కొన్నిచోట్ల డికెన్స్‌కే ఆ వినయం మరీ ముద్దొచ్చినట్టుంది.

మన దేశపు పాఠకుడికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. జెల్లిబీ అనే ఇల్లాలు ఆఫ్రికాలో నైజర్ నది ఒడ్డున బొరియొబూలా-ఘా అనే చోట కాఫీ తోటలు వేయించి, అక్కడివాళ్లను ఉద్ధరించే ఉత్తరాలు రాయడంలో మునిగి, సొంత పిల్లలు మెట్ల మీద దొర్లి పడుతున్నా పట్టించుకోదు. ఒక పసివాడి తల ఇనుప కమ్మీల్లో ఇరుక్కున్నప్పుడు కూడా ఆమె చూపు ఆఫ్రికా మీదే. ఘాటైన హాస్యం, నవ్వకుండా ఉండలేం. కానీ డికెన్స్ ఎగతాళి చేసినది ఇల్లు పట్టించుకోని తల్లిని. ఆ నది ఒడ్డున తోటలు వేసే హక్కు ఎవరిచ్చారన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. అక్కడి రాజు మిగిలిన వలసదారులందరినీ సారా కోసం అమ్మేయబోయాడని ఒక్క వాక్యంలో ఆ పథకాన్ని ముగించేశాడు. వుడ్‌కోర్ట్ ఓడ మీద వైద్యుడిగా మన దేశం వైపు వచ్చి, ఓడ పగిలినప్పుడు ధైర్యం చూపి పేరు తెచ్చుకుంటాడు. ఆ తీరాల మనుషులు కథలో ఎక్కడా లేరు. ఈ వెలితిని గమనించినంత మాత్రాన నవలను పక్కన పెట్టనక్కర్లేదు. గమనించలేదని నటించడం కూడా అక్కర్లేదు.

ఇన్ని చెప్పాక, ఇంత పొడుగు నవల ఎందుకు చదవాలన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు జో అనే కుర్రవాడు. వీధి మలుపులో బురద ఊడ్చి పెద్దవాళ్లు విసిరే నాణెం ఏరుకునే పిల్లవాడు. తల్లిదండ్రుల పేరు ఎరగడు, చదువు లేదు. అతను మొదట కనిపించేది పదకొండో అధ్యాయంలో, అంటే 1852 జూన్ సంచికలో. ఒక అనామకుడైన కోర్టు నకలు రాతగాడు చనిపోతే జరిపిన విచారణకు సాక్షిగా తెస్తారు. ప్రమాణమంటే ఏమిటో తెలియదన్న కారణంతో పక్కకు నెట్టేస్తారు. చచ్చిపోయినవాడు తనను బాగా చూసేవాడన్న ఒక్క మాట మాత్రం చెప్పగలుగుతాడు. ఆ తరవాత నెలల తరబడి అతణ్ణి పోలీసు కదలమంటాడు, ఆ వీధి నుంచి ఈ వీధికి తరుముతాడు. ఎక్కడికి కదలాలో ఎవరూ చెప్పరు. టామ్-ఆల్-అలోన్స్ అనే పాడుబడ్డ వాడలో, వ్యాజ్యంలో ఇరుక్కుని మరమ్మతుకు నోచుకోని ఇళ్లలో, అతను పడుకుంటాడు. అక్కడి నుంచి మోసుకొచ్చిన జబ్బు ఎస్తర్‌కు సోకుతుంది. కళ్లు కనిపించడం లేదని ఆమె చెప్పిన చోట 31వ అధ్యాయం ఆగిపోతుంది. అది డిసెంబరు సంచిక. ఆమె గొంతు మళ్లీ వినిపించేది జనవరిలో. జో చనిపోయేది 47వ అధ్యాయంలో, 1853 మే సంచికలో. ప్రార్థన ఒక్కొక్క మాటగా చెప్పిస్తుంటే మధ్యలో ప్రాణం పోతుంది. అప్పుడు కథకుడు కథ ఆపి, రాణినీ ప్రభువులనూ మతగురువులనూ పేరుపేరునా పిలిచి, ఇతను చచ్చిపోయాడు, మన చుట్టూ ప్రతిరోజూ ఇలాగే చస్తున్నారు అని చెబుతాడు.

కుదింపు పుస్తకంలో కూడా ఆ చావు ఉంటుంది. తీసేయడానికి వీల్లేనంత ప్రసిద్ధమైన ఘట్టం. కానీ దానికి ముందు పదకొండు నెలల పాటు కదులు, కదులు అని తరిమిన తరుముడు ఉండదు. అతను కనబడకుండా పోయిన అధ్యాయాలు ఉండవు. అతణ్ణి మరిచిపోయి మనం లేడీ డెడ్‌లాక్ రహస్యం వెంట పరుగులు తీసిన నెలలు ఉండవు. మనం కూడా అతణ్ణి మరిచిపోయామన్నదే ఆ చావులోని దెబ్బ. అది తగలాలంటే మరిచిపోవడానికి తగినన్ని పుటలు, తగినన్ని రోజులు కావాలి. జార్న్‌డైస్ చేరదీసిన పిల్లల్లో ఒకడైన రిచర్డ్ కార్‌స్టన్ సంగతీ ఇంతే. వైద్యం, న్యాయవాదం, సైన్యం ఒకదాని తరవాత ఒకటి పట్టుకుని వదిలేసి, తీర్పు వస్తే అంతా సర్దుకుంటుందని నమ్మి కరిగిపోయే కుర్రవాడి కథను సారాంశంలో చదివితే మూర్ఖుడనిపిస్తాడు. నెలనెలా చూస్తే మన బంధువుల్లో ఒకడు గుర్తొస్తాడు. చివరికి ఆస్తి మొత్తం కోర్టు ఖర్చుల కిందే కరిగిపోయిందని తెలిసి కోర్టు హాలులో ప్లీడర్లు పగలబడి నవ్వుతూ బయటికి వస్తారు. వెర్రి మిస్ ఫ్లైట్ తీర్పు వచ్చిన రోజు వదిలేస్తానని పంజరాల్లో దాచిన పిట్టలను ఆ రోజు వదిలేస్తుంది.

విక్టోరియా కాలపు పొడుగంతా పవిత్రమని కూడా అనుకోనక్కర్లేదు. ఆ కాలంలో చాలా నవలలు మూడు సంపుటాలుగా రావడానికి కారణం కళ కాదు, అద్దె గ్రంథాలయాల వ్యాపారం. సంపుటం సంపుటంగా అద్దెకిచ్చే మ్యూడీ గ్రంథాలయం వంటివాటికి మూడు సంపుటాలే లాభం. 31 షిల్లింగుల 6 పెన్సుల వెల పెట్టి సామాన్యులు కొనలేరు కాబట్టి ఆ ఏర్పాటు 1890ల దాకా నడిచింది. ఆ సంపుటాలు నింపడానికి సాగదీసిన నవలలను ఇవాళ సాగదీతగానే చదివి వదిలేయవచ్చు. జార్జ్ ఎలియట్ 'మిడిల్‌మార్చ్' ఆ అచ్చులో ఇమడక 1871-72లో ఎనిమిది భాగాలుగా వచ్చింది. దాన్నీ ఆ ఎనిమిది విడతల్లోనే చదవడం మేలు. 2005లో బీబీసీ వారు 'బ్లీక్ హౌస్'ను టెలివిజన్‌కు తీసినప్పుడు, గంట నిడివి గల మొదటి భాగం తరవాత మిగిలినవన్నీ అరగంట ముక్కలుగా ప్రసారం చేశారు. డైలీ సీరియళ్లు చూసే జనం దాన్ని ఆసక్తిగా చూశారు. ఓపిక లేదని మనం నిందిస్తున్న కాలంలోనే ఇది జరిగింది.

అందువల్ల మీకు నా విన్నపం ఒకటి. ఏడాదికోసారి మీ పుటలో వచ్చే 'తప్పక చదవవలసిన వంద నవలలు' వంటి జాబితాలు పాఠకులకు చేసే మేలు తక్కువ, కలిగించే అపరాధభావం ఎక్కువ. వాటి బదులు ఇలాంటి ఒక్క నవలను ఎన్నుకుని, దాని అసలు సంచికల కొలతలు ప్రచురించి, నెలకొకసారి ఆ భాగం గురించి చిన్న వ్యాఖ్య వేయండి. ఊళ్లలో గ్రంథాలయాలు, చదువరుల బృందాలు వాటంతట అవే అందుకుంటాయి. 'బ్లీక్ హౌస్'కు ఆ కొలత ఇదీ: మొదటి నెల నాలుగు అధ్యాయాలు, ఆ తరవాత ఏడు నెలలు మూడేసి, అంటే 25వ అధ్యాయం దాకా, తొమ్మిదో నెల నాలుగు, ఆపైన మూడు నెలలు మూడేసి, 38 దాకా, తరవాత రెండు నెలలు నాలుగేసి, 46 దాకా, అటుపైన వరుసగా మూడు, నాలుగు, మూడు, మూడు, చివరి జంట సంచికలో 60 నుంచి 67 దాకా ఎనిమిది అధ్యాయాలు. స్థలాభావం ఉంటే ఈ ఉత్తరంలో మిగతాదంతా కత్తిరించినా, ఈ లెక్క మాత్రం అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పత్రిక చిరకాల పాఠకుడు,
ఏలూరు